పచ్చా, గాజా? పర్లాకిమిడి కంసాలి కొట్లో ఆకుపచ్చ రాళ్ల పరీక్ష: ప్రాజెక్టు డైరీ

పని ఇది: విడి ఆకుపచ్చ రాయి చేతికొస్తే, దానికి గీత పడకుండా, రంగు చెడకుండా, అది పచ్చ అయ్యే అవకాశం ఉందో లేదో తేల్చాలి. సామాను ఐదు వేల లోపు రావాలి. కరెంటు పోయినా సగం పరీక్షలైనా సాగాలి.

పాతపట్నం, కాశీనగరం, గుణుపురం వైపు నుంచి మా కొట్టుకి వచ్చేవాళ్లలో చాలామందికి బుధుడు బాగోలేడని ఎవరో చెప్పి ఉంటారు. చిటికెన వేలికి పచ్చ ఉంగరం కావాలంటారు. రాయి మాత్రం వేరేచోట కొనుక్కుని తెస్తారు. దాన్ని పొదిగేది మేము, రేపు రాయి గాజని తేలితే మాట పడేదీ మేమే. ఆకురాయితో అంచు గీసి చూడడం పాత పద్ధతి. పచ్చ కాఠిన్యం 7.5 నుంచి 8, మామూలు గాజుది 5.5 దగ్గర. కాబట్టి గాజు గీసుకుపోతుంది, నిజమే. కానీ పచ్చ గట్టిదే గాని పెళుసు. లోపల పగుళ్లున్న అంచు ఆకురాయి కింద చిట్లితే పరీక్ష నెగ్గినా రాయి పోతుంది. అందుకే ఈ డైరీలో గీసి చూసే పరీక్ష ఒక్కటీ లేదు.

రత్తి లెక్క ఒక్కో కొట్లో ఒక్కోలా ఉంది కాబట్టి తూకాలన్నీ గ్రాముల్లోనే రాశాను. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు.

దశ 1: కాటా

కొట్లో బంగారం తూచే కాటా 0.01 గ్రాము వరకు చూపిస్తుంది. దాంతో సాంద్రత కట్టడం కుదరదు. ఒక క్యారట్ పచ్చ గాలిలో 0.20 గ్రాములుంటుంది, నీళ్లలో మునిగితే తగ్గేది 0.07 గ్రాములే. ఆఖరి అంకె ఒక్కటి అటూ ఇటూ అయితే సాంద్రత 2.5 నుంచి 3.3 దాకా ఎక్కడైనా పడుతుంది. 2.5 గాజు, 3.3 పెరిడాట్ అనే ఇంకో ఆకుపచ్చ రాయి, మధ్యలో పచ్చ. అంటే ఆ కాటా ఏమీ చెప్పనట్టే.

కొత్తది 0.001 గ్రాము చూపించే చిన్న కాటా, 50 గ్రాముల వరకు మోస్తుంది. 1,700 రూపాయలు.

ముందు రాయిని కాటా కింద వేలాడదీసే పద్ధతి చూశాను. ఈ చిన్న కాటాలకు కింద కొక్కెం ఉండదు, పళ్లేనికి కట్టిన తీగ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. అంకె నిలవలేదు. దాన్ని వదిలేసి తిరగేసిన పద్ధతికి వచ్చాను. నీళ్ల కప్పును కాటా మీదే పెట్టాలి, రాయిని బయటి స్టాండు నుంచి ఆ నీళ్లలోకి వేలాడదీయాలి. రాయి ఎంత నీటిని పక్కకు తోస్తుందో అంత బరువు కాటా మీద పెరుగుతుంది. గాలిలోని బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది.

గాజు గ్లాసు పెడితే కాటా మోయలేనంటుంది. దగ్గు మందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ కొలత కప్పు సరిగ్గా సరిపోయింది.

1. రాయిని మెత్తటి గుడ్డతో తుడిచి, శ్రావణంతో పట్టుకుని, పొడిగా తూచండి.
2. మరిగించి పూర్తిగా చల్లార్చిన నీళ్లు కప్పులో సగం పైన పోసి, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలపండి.
3. రాయి పెట్టే తీగ గూడును ఖాళీగా నీళ్లలో ముంచి, అప్పుడు కాటాను సున్నా చేయండి.
4. గూడు పైకి తీసి, రాయి పెట్టి, మళ్లీ అంతే లోతుకు దించండి. అడుగుకీ అంచుకీ తగలకూడదు.
5. అంకె నిలవగానే రాసుకోండి. ఆలస్యం చేయవద్దు.

ఐదో మెట్టు ఎందుకంటే, ఎండాకాలం ఆ కప్పులోంచి నీళ్లు ఆవిరవుతుండగానే అంకె కిందికి జారిపోతుంది. ఫ్యాను వేస్తే ఇంకా ఘోరం, గాలి తగిలి ఆఖరి అంకె గంతులేస్తుంది. ఫ్యాను ఆపి కూర్చుంటే చెమట నీళ్లలో పడుతుంది! ఆఖరికి మిఠాయి వచ్చిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, మీద తీగ పట్టేంత కన్నం పెట్టాను. ఫ్యాను రెండో నంబరు మీద తిరుగుతున్నా ఇప్పుడు అంకె నిలుస్తోంది.

మొత్తం ఖర్చు ఇప్పటికి: 1,700.

దశ 2: కాటా నిజం చెబుతోందా?

తెలిసిన వస్తువు మీద చూడకుండా తెలియని రాయి మీద చూడకూడదు. అందరూ స్ఫటికం (క్వార్ట్జ్) పూస వాడమంటారు, సాంద్రత 2.65. పూసకి కన్నం ఉంటుంది, కన్నంలో గాలి బుడగ ఉంటుంది, లెక్క తప్పుతుంది. దానికన్నా కరెంటు స్తంభం నుంచి ఇంటికి లాగే అల్యూమినియం సర్వీసు వైరు మంచిది. ఆ తీగ దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం, సాంద్రత 2.70. పచ్చది 2.67 నుంచి 2.78, ఎక్కువగా 2.72 దగ్గర. ఇంత దగ్గరి కొలబద్ద డబ్బు పెట్టినా దొరకదు.

ముక్క పొడి బరువు 2.486 గ్రాములు. నూలు దారంతో వేలాడదీస్తే నీళ్లలో 0.941 చూపించింది, అంటే సాంద్రత 2.64. తప్పు. మునిగిన దారం కూడా కొంత నీటిని పక్కకు తోస్తోంది, ముడి దగ్గర బుడగలు కూడా. మోటారు వైండింగులో వాడే సన్నటి ఎనామెల్ రాగి తీగను చుట్టి చిన్న గూడు చేశాక 0.917 వచ్చింది. 2.486ని 0.917తో భాగిస్తే 2.711.

ఇంకా 0.01 ఎక్కువే ఉంది. అది కాటా తప్పు కాదు, నీళ్ల వేడి. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గరే 1.000. 25 డిగ్రీలకు 0.997, 30కి 0.9957, 35కి 0.994. ఆ రోజు నీళ్లు 29 డిగ్రీలు, అంటే 0.996. దాంతో హెచ్చిస్తే సరిగ్గా 2.700. పిల్లల జ్వరం థర్మామీటరు 35 కన్నా తక్కువ చూపించదు కాబట్టి పనికిరాదు, ఫిష్ ట్యాంకు థర్మామీటరు కొనాల్సి వచ్చింది.

థర్మామీటరు, తీగ, స్టాండు సామాను 180. మొత్తం: 1,880.

దశ 3: తీసేసిన రాళ్ల డబ్బా

పాత నగలు కరిగించినప్పుడు తీసి పెట్టిన రాళ్ల డబ్బా పెదనాన్న దగ్గర ఉంది. అందులో ఆకుపచ్చవి ఏరి గుర్తులు పెట్టాను. అన్నీ విడి రాళ్లే. కింది సాంద్రతలన్నీ నీళ్ల వేడి లెక్క సర్దాక వచ్చినవి. బంగారంలో పొదిగిన రాయికి ఈ పరీక్ష చేయడానికి లేదు, లోహం బరువు కలిసిపోతుంది.

- అ: పొడి 0.624, నీళ్లలో 0.229, సాంద్రత 2.71
- ఆ: 1.184, 0.470, సాంద్రత 2.51
- ఇ: 0.412, 0.123, సాంద్రత 3.34
- ఈ: 1.902, 0.715, సాంద్రత 2.65
- ఉ: 0.955, 0.163, సాంద్రత 5.84
- ఊ: 0.840, 0.309, సాంద్రత 2.71
- ఎ: 0.731, 0.274, సాంద్రత 2.66
- ఏ: 0.186, 0.068, సాంద్రత 2.72

ఉ గురించి ఆలోచించే పని లేదు. 5.6 నుంచి 6 మధ్య వచ్చే ఆకుపచ్చ రాయి క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి. ఇ పెరిడాట్. లూప్‌తో (కంసాలి భూతద్దం) పై ముఖంలోంచి చూస్తే వెనక అంచులు రెండేసి గీతలుగా కనిపించాయి. కాంతిని రెండుగా చీల్చే గుణం పెరిడాట్‌కి 0.036, పచ్చకు 0.006 దగ్గర. అందుకే పచ్చలో ఆ జంట గీతలు లూప్‌కి అందవు. పెరిడాట్‌కి ఆకుపచ్చ రంగు దాని ఒంట్లోనే ఉన్న ఇనుము వల్ల వస్తుంది. భూమి పైపొర కింద ఉండే మాంటిల్‌లో పుట్టి లావాతో పైకొస్తుంది, కొన్ని ఉల్కల్లో కూడా ఉంటుంది. మంచి రాయే. పచ్చ పేరుతో పచ్చ ధరకు అమ్మితేనే గొడవ.

'ఏ' రాయి దగ్గర ఆగాలి. 2.72 అని వచ్చింది కదా అని సంబరపడడానికి లేదు. ఈ కాటా ఆఖరి అంకె రెండు వరకు అటూ ఇటూ ఊగుతుంది. 0.068 బదులు 0.070 అయితే సాంద్రత 2.65కి దిగి స్ఫటికం కోవలో పడుతుంది. కాబట్టి ఒక క్యారట్‌కి లోపు రాళ్లకు ఈ బల్ల మీద తీర్పు లేదు. పుస్తకంలో "తేలలేదు" అని రాయడమే.

అ, ఊ రెండూ 2.71. రంగులో ఊ ఇంకా బాగుంది, లోపల శుభ్రంగా ఉంది. పెదనాన్న దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "కాటా ఒప్పుకుందని నువ్వు ఒప్పేసుకోకురా, ఇంత శుభ్రమైన పచ్చ మన డబ్బాలోకి ఎందుకొస్తాది?" అన్నాడు. ఆయన అనుమానంలో శాస్త్రం ఉంది. దానికోసమే తర్వాతి దశ.

దశ 4: పోలరాయిడ్

గాజు సాంద్రత దాని తయారీలో కలిపిన వాటిని బట్టి మారుతుంది. సీసం పాళ్లు సర్దితే 2.71 రావడం పెద్ద విషయం కాదు. గాజు చేయలేనిది ఇంకొకటుంది. పచ్చ షడ్భుజాకార స్ఫటికం, కాంతిని రెండుగా చీలుస్తుంది. గాజులో స్ఫటిక నిర్మాణమే లేదు, చీల్చదు.

1. లాప్‌టాప్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి వెలుతురు పూర్తిగా పెంచండి. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే కాంతి ఒకే దిశలో కంపించే కాంతి.
2. పోలరాయిడ్ షీటు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పొర) ముక్కను కంటి ముందు పెట్టి, తెర నల్లబడేదాకా తిప్పండి.
3. తెరకీ షీటుకీ మధ్య రాయిని శ్రావణంతో పట్టుకుని గుండ్రంగా తిప్పండి.
4. పూర్తి చుట్టులో నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరితే జంట వక్రీభవనం, అంటే రాయి కాంతిని రెండుగా చీలుస్తోంది. నల్లగానే ఉండిపోతే గాజు కావచ్చు, గార్నెట్ వంటి రాయి కావచ్చు.
5. నల్లగా ఉండిపోయిన రాయిని తప్పనిసరిగా ఇంకో పక్కకు తిప్పి మళ్లీ చూడండి. పచ్చ కూడా ఒక దిశలోంచి చూస్తే నల్లగానే ఉంటుంది.

సినిమా హాలు త్రీడీ కళ్లద్దాలు మామూలుగా పెట్టుకుంటే ఎంత తిప్పినా తెర నల్లబడలేదు. ఆ అద్దానికి తెర వైపున కాంతిని సుడి తిప్పే పొర ఒకటి ఉంటుంది. తిరగేసి, కంటి వైపు భాగం తెర వైపుకి పెడితే పని చేసింది. కానీ గీతలు పడ్డ అద్దం. షీటు ముక్క కొన్నాను, 220.

ఫలితాలు: అ వెలిగి ఆరింది. ఎ కూడా. 'ఈ' రాయి ఎటు తిప్పినా వెలుగుతూనే ఉంది, అంటే ఒకే స్ఫటికం కాదు, సన్నటి రేణువులు అతుక్కున్న రాయి. 'ఆ', 'ఊ' రాళ్లు రెండూ ఏ పక్క నుంచి చూసినా నల్లగానే ఉన్నాయి. లూప్ కింద ఊ లోపల మూలగా ఒక గుండ్రటి బుడగ. గాజే.

బరువు, రంగు, శుభ్రత అన్నీ కుదిరిన గాజును లాప్‌టాప్ తెర పట్టిచ్చింది. సాంద్రత పరీక్ష ఒక్కటే చేసి ఆపేద్దామనుకునేవాళ్లు ఈ 'ఊ' రాయిని గుర్తు పెట్టుకోండి.

మొత్తం: 2,100.

దశ 5: చెల్సీ ఫిల్టరు, పాత బల్బు

ఈ ఫిల్టరును 1934లో లండన్‌లో, చెల్సీ పాలిటెక్నిక్‌తో కలిసి, అండర్సన్, పెయిన్ అనే రత్నాల నిపుణులు తయారు చేశారు. ముదురు ఎరుపు, కొంచెం పసుపు ఆకుపచ్చ తప్ప మిగతా కాంతిని ఆపేస్తుంది. పచ్చకు రంగునిచ్చేది క్రోమియం. ఒక్కోసారి వెనేడియం. స్ఫటికంలో అల్యూమినియం ఉండాల్సిన చోట కొద్దిగా క్రోమియం కూర్చుంటుంది, అది ముదురు ఎరుపును మింగకుండా వదిలేస్తుంది. అందుకే ఫిల్టరులోంచి చూస్తే చాలా పచ్చలు ఎర్రగా కనిపిస్తాయి.

ఎల్‌ఈడీ బల్బు కింద ఒక్క రాయీ ఎర్రగా కనిపించలేదు. తెల్ల ఎల్‌ఈడీ వెలుతురులో ముదురు ఎరుపు దాదాపు ఉండదు, లేనిదాన్ని రాయి ఎక్కడ నుంచి ఇస్తుంది? పాత ఫిలమెంటు బల్బు కోసం ఊరంతా తిరగాలి. దొరక్కపోతే మోటారు సైకిలు హెడ్‌లైటు హాలోజన్ బల్బు, 12 వోల్టుల బ్యాటరీ సరిపోతాయి.

బల్బు మార్చాక 'ఈ' రాయి కొద్దిగా ఎరుపు తేలింది. అది అవెంచురీన్, అంటే క్వార్ట్జ్ రేణువుల్లో ఫుక్సైట్ అనే ఆకుపచ్చ అభ్రకం. ఆ అభ్రకంలోనూ క్రోమియమే. 'అ' రాయి మాత్రం ఆకుపచ్చగానే ఉండిపోయింది! పచ్చ కానిది ఎరుపెక్కింది, పచ్చ అనుకున్నది ఎక్కలేదు. ఫిల్టరు పాడైందని తిరిగి పంపేసే ముందు పచ్చ ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

పచ్చకు బెరీలియం కావాలి, క్రోమియం కావాలి. బెరీలియం గ్రానైటు నుంచి వచ్చే పెగ్మటైట్లలో (పెద్ద పెద్ద స్ఫటికాల ముతక రాళ్లు) చేరుతుంది. క్రోమియం ఉండేది మాంటిల్ నుంచి వచ్చిన నల్లటి బరువు రాళ్లలో. మన ఒడిశాలోనే చూడండి, జాజ్‌పూర్ జిల్లా సుకిందాలో దేశంలోని క్రోమైట్‌లో అత్యధిక భాగం ఉంది, అయినా సుకిందా పేరు క్రోమైట్‌కే గాని పచ్చలకు కాదు. రెండు మూలకాలు ఒకచోట కలవాలి. పెగ్మటైట్ ద్రవాలు ఆ నల్ల రాళ్లలోకి చొచ్చుకుపోయినచోట, అభ్రకం పొరల మధ్య పచ్చ పెరుగుతుంది. 1940లలో రాజస్థాన్‌లోని అజ్మీర్ ప్రాంతంలో బయటపడ్డవి ఈ రకమే. అలా పుట్టిన రాయిలో క్రోమియంతో పాటు ఇనుమూ చేరుతుంది. ఇనుము ఎరుపును అణిచేస్తుంది, ఫిల్టరు కింద రాయి ఆకుపచ్చగానే ఉండిపోవచ్చు. లూప్ కింద అ లోపల గోధుమ రంగు అభ్రకపు రేకులు, సన్నటి సూదులు కనిపించాయి. కథ కుదిరింది.

కొలంబియా పచ్చల పుట్టుక వేరు. అక్కడ నల్లటి షేల్ పొరల్లోకి వేడి ఉప్పునీళ్లు చొరబడి వాటిని పెంచాయి. అందుకే వాటి లోపలి చిన్న గదుల్లో నీళ్లు, గాలి బుడగ, ఉప్పు ఘనం మూడూ కలిసి ఉంటాయి. ఇనుము తక్కువ, ఫిల్టరు కింద బాగా ఎరుపెక్కుతాయి. అందరికన్నా ఎక్కువ ఎరుపెక్కేవి ల్యాబులో పెంచిన కృత్రిమ పచ్చలు.

కాబట్టి నా పుస్తకంలో ఫిల్టరు గడి కింద "అవును, కాదు" తీసేసి "ఎరుపు, గులాబీ, ఆకుపచ్చ" అని మాత్రమే పెట్టాను.

ఫిల్టరు 750, బల్బు, హోల్డరు 90. మొత్తం: 2,940.

దశ 6: ముంచి చూడడం

వక్రీభవన గుణకం అంటే కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె. రాయి గుణకం, అది మునిగిన ద్రవం గుణకం దగ్గరైతే రాయి అంచులు మాయమవుతాయి. ఆ గుణకం కొలిచే రిఫ్రాక్టోమీటరు కొనే స్తోమత లేనివాళ్లకు ఇదే దారి. నీరు 1.33, గ్లిజరిన్ 1.47, లవంగ నూనె 1.53. రాళ్లలో స్ఫటికం 1.55, పచ్చ 1.58 దగ్గర, పెరిడాట్ 1.65 పైన.

లవంగ నూనెను ముందు పారదర్శక ప్లాస్టిక్ మూతలో పోశాను. కాసేపటికి మూత మసకబారి మెత్తబడింది. గాజు గిన్నె తప్పనిసరి. నూనె చేతికి తగిలితే మంట కూడా.

'ఆ' రాయి అంచులు నూనెలో దాదాపు కనిపించకుండా పోయాయి. 'అ' రాయి అంచులు పల్చగా నిలిచాయి. ఇ స్పష్టంగా మెరిసింది. అసలు లాభం మాత్రం ఎ దగ్గర వచ్చింది. కాటా 2.66 అంది, పోలరాయిడ్ కింద వెలిగి ఆరింది. గిన్నెలో పక్కకు పడుకోబెట్టి చూస్తే పైభాగం తెలుపు, కిందిభాగం తెలుపు, నడుమున ఆకుపచ్చ గీత. రెండు స్ఫటికం ముక్కల మధ్య రంగు జిగురు పెట్టి అతికించిన జంట రాయి. ఈ ఒక్కదానికి లవంగ నూనె అక్కర్లేదు, మంచి నీళ్లలో ముంచి పక్కనుంచి చూసినా చాలు. ఉంగరంలో పొదిగేస్తే పక్కభాగం కనపడదు. ఇలాంటివి ఎప్పుడూ వెనక మూసిన ఉంగరంలోనే ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైంది.

కొనుగోలుదారు రాయికి లవంగ నూనె పరీక్ష లేదు. ఎందుకో కింద.

నూనె, గిన్నె 200. మొత్తం: 3,140.

దశ 7: పచ్చలోని నూనె

పచ్చ పగుళ్లతోనే పుడుతుంది. పైకి తెరుచుకున్న పగుళ్లలో నూనె పట్టించడం ఎప్పటినుంచో ఉన్న వ్యాపారపు ఆచారం. సీడార్ నూనె గుణకం రాయికి దగ్గర కాబట్టి పగులు కంటికి ఆనదు. ఇప్పుడు కొన్నిటికి రెజిన్ కూడా పెడుతున్నారు. ఆ నూనె ఉన్న రాయిని అసిటోన్‌తో తుడిచినా, అల్ట్రాసోనిక్ తొట్టిలో వేసినా, వేడి చేసినా పగుళ్లు తెల్లగా బయటపడతాయి. రాయి చెడగొట్టారని వచ్చినవాళ్లు అంటే వాళ్ల తప్పేం లేదు.

కాశీనగరం నుంచి వచ్చినాయన కప్పు వైపు అనుమానంగా చూసి, "ఏటి బాబూ, నీలల్లో ముంచితే పచ్చ కరిగిపోదు కదా?" అన్నాడు. కరగదని చెప్పాను. కానీ ఆ ప్రశ్న వల్లే పరీక్షల వరుస మార్చాను:

1. లూప్‌తో పైకి తెరుచుకున్న పగుళ్లు చూసి, వచ్చినవాళ్లకు చూపించి, పుస్తకంలో రాయడం.
2. పోలరాయిడ్, ఫిల్టరు. ఈ రెండూ పొడి పరీక్షలు.
3. వేడి చేయని మామూలు నీళ్లలో సాంద్రత, పక్కనుంచి చూపు. వెంటనే తీసి మెత్తటి గుడ్డతో అద్దడం.
4. వేడి నీళ్లు, అసిటోన్, లవంగ నూనె: ఇవి పెదనాన్న డబ్బాలోని మా రాళ్లకే.

పొదిగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. టంకం పని అంతా అయ్యి ఉంగరం చల్లారాకే పచ్చ కూర్చోవాలి. తర్వాత సైజు పెంచమని వస్తే రాయి తీసే పెంచాలి.

ఈ బల్ల మీద తేలనివి

కృత్రిమ పచ్చ. రసాయనంగా అది పచ్చే, బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, క్రోమియం అన్నీ అవే. కరిగించిన లవణాల్లో పెంచిన ఫ్లక్స్ రకం సాంద్రత తరచూ 2.65, 2.66 దగ్గర ఉంటుంది, అనుమానించవచ్చు. వేడి నీటి ఒత్తిడిలో పెంచిన రకం అసలు పచ్చ అంకెల్లోనే కలిసిపోతుంది. శుభ్రంగా ఉండి, ఫిల్టరు కింద మండే ఎరుపు ఇచ్చే రాయికి నా దగ్గర ఒకటే సమాధానం, ల్యాబు కాగితం తెచ్చుకోండి. ఏ దేశపు గని, నూనెనా రెజినా అన్నవి కూడా ల్యాబు పనే.

డబ్బా లెక్క: ఆ, ఊ గాజు. ఇ పెరిడాట్. ఈ అవెంచురీన్. ఉ జిర్కోనియా. ఎ జంట రాయి. ఏ తేలలేదు. అ ఒక్కటి విడి పొట్లంలో కట్టి ల్యాబుకి పంపడానికి పెట్టాను. ల్యాబు ఫీజు పై మొత్తంలో కలపలేదు. తర్వాత చేయాల్సింది ఒక క్యారట్ లోపు రాళ్ల సంగతి. దానికి 0.0001 గ్రాము కాటా కావాలి. సెకండ్ హ్యాండులో దొరికితే ఎనిమిదో దశ రాస్తాను.